వీపు తిప్పిన గరికలంక

అమెరికా అనే దేశం తన రాజుని వదిలించుకున్న కొత్తల్లో నానా తంటాలూ పడింది. ఒక పక్క పాత యజమాని ఇంగ్లండు, ఇంకో పక్క అవసరానికి సాయం చేసిన ఫ్రాన్సు. అవి రెండూ కొట్టుకుంటూ "నువ్వు ఎవరి వైపు?" అని దీన్ని నిలదీయడం. ఇంట్లో చూస్తే రెండు జట్లు, ఒకరి పొడ ఒకరికి గిట్టదు. దీన్ని చరిత్ర పాఠంలా చెబితే మీకు నిద్రొస్తుంది. చెప్పే నాకు మీకంటే ముందొస్తుంది. అందుకని మనుషుల్ని తీసేసి జంతువుల్ని పెట్టాను. ఎవరు ఎవరో పోల్చుకుంటే సంతోషం. పోల్చుకోకపోయినా కథకి వచ్చే లోటేం లేదు, గాడిదలున్నాయి కదా.

ఒక పెద్ద ఏరు రెండు పాయలుగా చీలి, మళ్లీ కలుస్తుంది. ఆ పాయల మధ్య ఉన్నదే గరికలంక. తూర్పు గట్టు మీది అడవి సింహానిది. పడమటి గట్టు మీదిది పెద్దపులిది. లంకలో ఉండేవన్నీ గడ్డి తిని బతికేవే. మేకలు, గాడిదలు, వాళ్లందరికీ పెద్దగా పోలయ్య అనే ముసలి ఎద్దు.

ఒకప్పుడు లంక కూడా సింహం కిందే ఉండేది. వంతులేసుకుని రోజుకొకరు సింహంగారి భోజనానికి వెళ్లాలి. వెళ్లేది తినడానికి కాదని వేరే చెప్పక్కర్లేదు. ఒకరోజు పోలయ్యకి ఒళ్లు మండింది. "ఇక వెళ్లేది లేదు, కావాలంటే ఆయన్నే రమ్మనండి" అన్నాడు. సింహం వచ్చింది. లంకంతా తోకలు లోపలికి, మొహాలు బయటికి పెట్టి గుండ్రంగా నిలబడింది. సింహం ఎటు తిరిగినా కొమ్ములో, పళ్లో ఎదురయ్యాయి. సరిగ్గా అప్పుడే పడమటి గట్టు మీంచి పెద్దపులి గర్జించింది. ఎవడ్రా అని సింహం అటు తల తిప్పేసరికి పోలయ్య ఒక్క ఉదుటున వెళ్లి దాన్ని ఏట్లోకి నెట్టేశాడు. లంక ఎవరికీ చెందకుండా పోయింది, అంటే లంకకే చెందింది.

ఆ రోజు నుంచి గుండ్రంగా ఉండడమే వాళ్ల ఆచారం. పడుకున్నా అంతే, సభ పెట్టినా అంతే. మాట్లాడేవాడు మధ్యలో నిలబడతాడు. వినేవాళ్లు వాడికి వీపు పెట్టి, ఏటి మీద ఓ కన్నేసి వింటారు. మాట మనసుకి పట్టిందనడానికి గుర్తు చెవులు వెనక్కి తిరగడమే. "ఇన్నేళ్లు పెద్దరికం చేశాను, సభలో ఒక్కడి మొహం చూసిన పాపాన పోలేదు. మీ తోకల్ని మాత్రం పేరుపేరునా గుర్తుపడతాను" అని పోలయ్య నవ్వేవాడు.

అంతా బాగానే ఉంది అనుకుంటుండగా సింహానికీ పులికీ యుద్ధం వచ్చింది. ఎందుకొచ్చిందని నన్నడక్కండి, వాళ్లకి రాకపోతే ఆశ్చర్యపోవాలి.

లంకవాళ్లకి రెండు గట్లతోనూ పని ఉంది. ఉప్పునేల తూర్పు గట్టున ఉంది, వారానికోసారైనా వెళ్లి నాకి రాకపోతే మేకలకి కాళ్లు ఆడవు. వేసవిలో పచ్చగడ్డి దొరికేది పడమటి గట్టునే, అది లేకపోతే గాడిదలకి డొక్కలు ఎండిపోతాయి. ఇలా ఉండగా ఎంకన్న అనే మేకపోతు ఉప్పుకని వెళ్లాడు. సింహం దగ్గర కొలువు చేసే తోడేళ్లు దారికాచి పట్టుకున్నాయి.

"మీ తాత ఎక్కడ పుట్టాడ్రా?"

"ఈ గట్టు మీదే. అప్పట్లో..."

"అయితే నువ్వు మావాడివే. పద కొలువుకి."

కొలువంటే ఏంటనుకున్నారు? పులి దాటొచ్చే రేవు దగ్గర ఎంకన్నని గుంజకి కట్టేశారు. పులి వస్తే ముందు ఎంకన్న అరుస్తాడు, ఆ అరుపుకి సింహం నిద్ర లేస్తుంది. ఆ తర్వాత ఎంకన్న ఏమవుతాడన్నది సింహం పట్టించుకునే సంగతి కాదు.

కబురు తెలిసి లంక గొల్లుమంది. ఎంకన్న అక్క సూరమ్మ, మేకల తరఫున ఎప్పుడూ ముందుండి మాట్లాడేది, ఆ రోజు ఏడుపు ఆపుకోలేకపోయింది. గాడిదల పెద్ద గవరయ్య సభ మధ్యలోకొచ్చి నాలుగు కాళ్లూ నేలకేసి కొట్టాడు.

"ఇంకా ఆలోచనేంటి మావా? పులితో కలుద్దాం, సింహం పని పడదాం, ఎంకన్నని తెచ్చుకుందాం. ఆ రోజు పులి గర్జించకపోతే మనం ఇక్కడుండేవాళ్లమా?"

సూరమ్మ కళ్లు తుడుచుకోకుండానే అంది. "నువ్వు పులితో కలిశావని తెలిసిన మరుక్షణం మా తమ్ముడి పీక తెగిపోతుంది మరిదీ. ఆ తర్వాత ఉప్పు ఎవరిస్తారు, మీ పులా? సింహంతో మెత్తగా మాట్లాడి విడిపించుకోవాలి."

"మెత్తగా మాట్లాడతావా? వంతులేసుకుని భోజనానికి వెళ్లిన రోజులు మర్చిపోయావా వదినా? నీకు సింహం మీద ఇంకా మమకారం పోలేదు!"

"నీకు పులి మీద ఉన్న మోజు ముందు నాదెంతలే!"

పోలయ్య మధ్యలో నిలబడి చెప్పి చూశాడు. "ఉప్పు అటుంది, గడ్డి ఇటుంది. ఇద్దరి యుద్ధమూ మనకొద్దు. ఎంకన్న సంగతి నేను చూస్తాను." ఎవరి చెవీ వెనక్కి తిరగలేదు. మొదటిసారి ఆయనకి వాళ్ల తోకలు కూడా పరాయివాళ్లవిలా అనిపించాయి.

గాడిదలు లంక ఎగువ కొసకి మకాం మార్చేశాయి. అంతటితో ఆగాయా? పులి మీద అభిమానంతో ఒళ్లంతా పసుపు మన్ను పూసుకుని, దాని మీద నల్ల ఒండ్రుతో చారలు గీసుకున్నాయి. చెవులు మాత్రం ఎక్కడా దాగలేదు. మేకలు దిగువ కొసకి పోయి, ఎదురుపడితే మొహం తిప్పుకోవడం మొదలెట్టాయి. గుండ్రం విరిగిపోయింది.

ఈ వార్త రెండు గట్లకీ చేరింది. సింహం తూర్పు గట్టున కూర్చుని లంక వైపు తీరిగ్గా చూడసాగింది. పులి ఊరుకోలేదు. తన రాయబారి నక్కని పంపింది.

నక్క పేరు జగ్గారాయుడు. దుంగ మీద కూర్చుని ఏరు దాటి వచ్చాడు. ఏ గట్టు నుంచి ఎవరొచ్చినా ముందు పెద్ద దగ్గరికి వచ్చి, గుండ్రం మధ్యలో నిలబడి, వచ్చిన పని అందరికీ చెప్పాలని లంకలో కట్టుబాటు. జగ్గారాయుడు నేరుగా ఎగువ కొసన గాడిదల మధ్య దిగాడు. వాళ్లు కాకర తీగల దండలేసి, ఊరేగించి, మెత్తటి గరిక పరిచి కూర్చోబెట్టారు.

"ఇక నుంచి మిమ్మల్ని ఉత్త గవరయ్య అనను, పౌరుడు గవరయ్య అంటాను!" అన్నాడు నక్క. "మా గట్టునా రాజరికాన్ని తరిమేశాం. ఇప్పుడు మా దగ్గర రాజుల్లేరు. పులిగారితో సహా అందరం పౌరులమే."

గవరయ్య ఉబ్బితబ్బిబ్బయ్యాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవరైనా ఆయన్ని 'ఒరే గాడిదా' అనకుండా పిలవడం తక్కువ.

"పౌరుడు గవరయ్యా, మీ కుర్రాళ్లలో గట్టివాళ్లని రేపు తూర్పు గట్టుకి పంపించు. ఆ తోడేళ్లని నాలుగు తన్ని రమ్మను. మిగతాది మేం చూసుకుంటాం."

ఆ నాలుగు తన్నులు పడ్డాయంటే సింహం కోపం లంక మీదికే వస్తుంది, యుద్ధం లంకలోనే జరుగుతుంది. అది నక్కకి తెలుసు. గాడిదల్లో ఎవరికీ తట్టలేదు. కానీ పోలయ్యకి చెవిన పడగానే తట్టింది. వెంటనే సభకి పిలిచాడు.

"వచ్చినవాడు మధ్యలో నిలబడి చెప్పాలి. ఆ కట్టుబాటు మనమంతా కలిసి పెట్టుకున్నదే. గవరయ్యా, నువ్వు కూడా."

కట్టుబాటు అనేసరికి గవరయ్య కాదనలేకపోయాడు. గొణుక్కుంటూ గాడిదలొచ్చాయి, సణుక్కుంటూ మేకలొచ్చాయి. గుండ్రంగా కూర్చున్నారు గాని, గవరయ్యకీ సూరమ్మకీ మధ్య ఒక ఖాళీ మిగిలింది. అది ఎంకన్న జాగా. జరిగి కూర్చోమంటే ఆయన జరగడు, ఆవిడ జరగదు.

జగ్గారాయుడు ఆ ఖాళీలోంచే హుందాగా లోపలికొచ్చి చుట్టూ చూశాడు. చూసి నోరు తెరిచాడు. లంకలో ఉన్న ప్రతి ప్రాణీ పోలయ్యకి వీపు పెట్టి కూర్చుంది! గాడిదలేం కర్మ, మేకలు కూడా!

నక్క ఎద్దు చెవి దగ్గర గొంతు తగ్గించి అడిగాడు. "ఎంతకాలంగా ఇలా?"

"మొదటినుంచీ ఇంతే" అన్నాడు పోలయ్య.

"ఒక్కళ్లు కూడా మీ మొహం చూడరా?"

"ఊహూ."

"మీకేం అనిపించదా?"

"నాకు హాయిగానే ఉంటుంది బాబూ."

ముసలాడికి మతి పోయింది పాపం అనుకున్నాడు నక్క. ఆ ధీమాతో గొంతు సవరించుకుని మొదలెట్టాడు. "పౌరులారా! పులితో చేతులు కలపండి. మీ లంకని కళ్లలో పెట్టుకుని కాపాడతాం."

సూరమ్మ ఏటి వైపు చూస్తూనే అడిగింది. "మీ గట్టున జింకలు కూడా పౌరులేనా రాయుడుగారూ?"

"సందేహమా? ముమ్మాటికీ పౌరులే."

"మరి పులి వాటిని తినడం మానేసిందా?"

"అదీ... ఇప్పుడు పేరు పెట్టి, మర్యాదగా పిలిచి తింటున్నాం."

మేకలు కిసుక్కుమన్నాయి. కొన్ని గాడిదలు కూడా నవ్వు ఆపుకోలేక ఓండ్రపెట్టాయి. పోలయ్య ముందుకొచ్చి, "రాయుడుగారూ, పులిగారు చేసిన మేలు మేం మర్చిపోలేదు. కానీ మాకు ఎవరి యుద్ధమూ వద్దు. మీరు తూర్పు గట్టుకి మా కుర్రాళ్లని పంపమన్నది చాలా తప్పు" అన్నాడు.

జగ్గారాయుడికి కోపం నషాళానికంటింది. "నేను మాట్లాడుతున్నది నీతో కాదు ముసలాడా, జనంతో! నీ మొహం చూడ్డానికి కూడా ఎవరికీ మనసు రాక వీపులు తిప్పి కూర్చున్నారు, అది కూడా తెలీని మొద్దువి. కాడికి కట్టడానికి పనికిరాని ఎద్దువి. నీకు పెద్దరికం ఒకటా?"

సభ చల్లబడిపోయింది. ఎవరూ వెనక్కి తిరగలేదు, మధ్యలో మాట సాగుతుంటే తిరగకూడదు. కానీ లంకలో ఉన్న చెవులన్నీ, మేకలవీ గాడిదలవీ, ఒక్కసారిగా వెనక్కి తిరిగాయి. నక్క చెవుల వైపు చూడలేదు. మౌనం చూశాడు, అది ఒప్పుకోలనుకున్నాడు. "సరే, మీ మనసు నాకర్థమైంది. రేపు పొద్దున్నే పులిగారిని తీసుకొస్తాను, స్వాగతానికి సిద్ధంగా ఉండండి!" అని దుంగెక్కి వెళ్లిపోయాడు.

గవరయ్య లేచి బుసలు కొట్టాడు. "మావా! నిన్ను తిట్టేది మేం. రోజూ తిడతాం, రేపూ తిడతాం. అది మా ఇంటి గోల. మధ్యలో వాడెవడు? వాడికి నేను దండేశాను చూడు, ఛీ! ఉండు, వెళ్లి చెప్పొస్తాను వీపు పెట్టడమంటే ఏంటో!"

"ఆగరా" అన్నాడు పోలయ్య. "వాడు అడిగాడా?"

"లేదు."

"మరి మనమెందుకు చెప్పడం? వాడు వెళ్లి పులికి ఏం చెబుతాడు?"

సూరమ్మ అందుకుంది. "అందరూ ఎద్దుకి వీపు తిప్పేశారు, మధ్యలో ముసలాడు ఒంటరిగా ఉన్నాడు, నేరుగా వెళ్లి మధ్యలో దూకండి అని చెబుతాడు."

"మధ్యలో దూకితే చుట్టూ ఏముంటాయి?"

గవరయ్య ఆలోచించాడు. ఆలోచిస్తూ తల తిప్పి తన వెనక కాళ్లు చూసుకున్నాడు. తన పక్కవాడి వెనక కాళ్లు చూశాడు. వరసగా గాడిదలన్నిటి వెనక కాళ్లూ చూశాడు. ఇక నవ్వు ఆగలేదు. నేల మీద పడి దొర్లి దొర్లి నవ్వాడు.

సూరమ్మ మాత్రం నవ్వలేదు. "నవ్వు సరేగాని మరిదీ, మేకలం మేం తన్నలేం. పులి మధ్యలోకి వచ్చిందంటే మా వీపులన్నీ దాని పంజా కిందే. ఒంటికి చారలు పూసుకున్నవాళ్లు మీరు. నిజంగా పులిని తంతారని నమ్మమంటావా?"

గవరయ్య కూడా నవ్వు ఆపాడు. "మరి మీరో? పులి దిగిందని చూసి సింహం కూడా దిగుతుంది. మీ తమ్ముణ్ణి చూపించి కొమ్ములు దించమంటే దించేస్తారు, అది మా వీపుల మీద పడుతుంది. మిమ్మల్ని మాత్రం ఎలా నమ్మాలి?"

ఇద్దరూ పోలయ్య వైపు చూశారు. ఆయన గడ్డి నెమరేస్తూ, "నాకూ తెలీదు. అందుకే ఆ రోజు గుండ్రంగా నిలబడ్డాం. ఎవరి వీపు వాళ్లు చూసుకోలేరు కాబట్టి" అన్నాడు.

తెల్లారింది. గుండ్రం సిద్ధమైంది, తూర్పు వైపు మేకలు, పడమటి వైపు గాడిదలు. పోలయ్య మధ్యలో ఒంటరిగా నిలబడ్డాడు. గవరయ్యకీ సూరమ్మకీ మధ్య ఎంకన్న జాగా ఖాళీగానే ఉంచారు, పులి రావడానికి ఒక తోవ కావాలి కదా. పడమటి పాయలో పులి ఈదుకుంటూ వస్తోంది, వెనకే దుంగ మీద జగ్గారాయుడు. తూర్పున సింహం గట్టు దిగి మోకాళ్ల లోతు నీళ్లలోకి వచ్చి ఆగింది. పక్కన తోడేళ్లు ఎంకన్నని తాడుతో పట్టుకుని నిలబడ్డాయి.

"సూరమ్మా! కొమ్ములు దించు, నీ తమ్ముణ్ణి ఇచ్చేస్తాను" అంది సింహం.

సూరమ్మకి తమ్ముడి మొహం స్పష్టంగా కనిపిస్తోంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కొమ్ములు మాత్రం దించలేదు. నిన్నటిదాకా సింహంతో మెత్తగా మాట్లాడదామన్న మేకలన్నీ రెప్ప వేయకుండా సింహాన్నే చూశాయి.

పులి గట్టెక్కి చూసింది. నక్క చెప్పినట్టే ఉంది, మధ్యలో ముసలి ఎద్దు, చుట్టూ అందరి వీపులూ దానివైపే. "శభాష్ జగ్గారాయుడూ!" అని ఆ ఖాళీలోంచి ఒక్క దూకు దూకింది. పులి లోపల పడే లోపే పోలయ్య పక్కకి తప్పుకుని, అది తేరుకునేలోగా అదే ఖాళీలోకి వచ్చి, మొహం బయటికి పెట్టి, ఎంకన్న జాగాలో నిలబడిపోయాడు.

పులి పట్టేలా వదిలిన జాగా కాబట్టి పెద్దది. ఎద్దు నిలబడ్డా రెండు పక్కలా సందు మిగిలింది.

"జరుగు వదినా!"

"నువ్వు జరుగు ముందు!"

ఇద్దరూ ఒకేసారి జరిగారు. సందు మూసుకుపోయింది.

మధ్యలో పులి ఒక్కటే మిగిలింది. ఎద్దు లేడు. స్వాగతం లేదు. చుట్టూ తోకలు. "ఏమయ్యా, ఎవరూ ఇటు తిరగరేం?" అంది. ఆ పక్కన మేకల వీపులు మెత్తగా, నోరూరేలా కనిపించాయి. పంజా ఎత్తి సూరమ్మ వైపు అడుగేసింది. సూరమ్మకి వెనక పులి ఊపిరి తగులుతోంది. ఎదురుగా సింహం. వెనక్కి తిరిగితే ముందు నుంచి సింహం వస్తుంది. తిరగలేదు. "మరిదీ!" అని ఒక్క కేక పెట్టింది.

"మా వదిన జోలికెళ్తావా!" అన్నాడు గవరయ్య, అంటూనే రెండు వెనక కాళ్లూ లేపి తన్నాడు.

ఆ తన్ను పులి మూతి మీద పడింది. తూలి వెళ్లి రెండో గాడిద దగ్గర పడింది, అదీ తన్నింది. అక్కణ్ణుంచి మూడోదాని దగ్గరికి. ఒంటి మీద చారలు చెమటకి కారిపోతుంటే గాడిదలు ఎవరి వంతుకి అవి సంతోషంగా తన్నాయి. ఒక్కటి కూడా మొహం తిప్పి చూడలేదు, చూడాల్సిన పనీ లేదు. ఆఖరికి పులి ఎలాగో అందరి మీంచి ఎగిరి ఏట్లో పడి, పడమటి గట్టు పట్టింది. దుంగ మీద ఉన్న జగ్గారాయుడు అప్పుడే మొదటిసారి లంకవాళ్ల మొహాలు ఎటున్నాయో చూశాడు. గుండ్రంగా, అన్ని వైపులా. వాటిలో కొన్ని తనవైపే చూస్తున్నాయి. దుంగ వదిలేసి ఈదడం మొదలెట్టాడు.

తూర్పున సింహం ఇదంతా చూసింది. నీళ్లలోంచి ఒక అడుగు వెనక్కేసింది. పెద్దమనిషి తరహాగా దగ్గి, "ఎంకన్న పొరపాటున మా వైపు వచ్చినట్టున్నాడు, పంపించేస్తున్నాం" అంది. "పులిని తన్నారంటే మీరు మావాళ్లే అన్నమాట!"

"ఎవరివాళ్లమూ కాదండీ" అంది సూరమ్మ. "ఉప్పుకి వస్తాం, నాకుతాం, పోతాం. అంతే." తమ్ముడు ఈదుకుంటూ వచ్చి ఒడ్డెక్కగానే మాత్రం లంక అదిరేలా ఏడ్చింది, నవ్వింది, ఒక కుమ్ము కుమ్మి మరీ ముద్దు పెట్టుకుంది.

ఎంకన్న వచ్చి చూస్తే తన జాగాలో ఎద్దు ఉన్నాడు. "పెదనాన్నా, నీ చోటు మధ్యలో కదా?"

"చాలురా. వెనక ఎవరున్నారో చూసుకోకుండా ఏరు చూస్తూ నిలబడితే ఎంత బాగుందో తెలుసా? ఇక మధ్యలోకి వంతులవారీగా ఎవరో ఒకరు వెళ్లండి. నువ్వు నా పక్కన సర్దుకో." ఎవరెంత బతిమాలినా పోలయ్య మళ్లీ మధ్యలోకి వెళ్లలేదు.

మొదటి వంతు ఎవరిదన్న దాని మీద గవరయ్యకీ సూరమ్మకీ ఆ మధ్యాహ్నమే పెద్ద గొడవైంది. అవతలి గట్టుకి కూడా వినిపించింది. పులి మాత్రం రాలేదు. అప్పటికి అది చెట్టుకి ఆనుకుని నిలబడి ఉంది, కూర్చోవడానికి వీల్లేని స్థితి మరి.

"అందరూ వీపు తిప్పేశారని కదరా చెప్పావు?" అని మూలిగింది.

"తిప్పారు కదా మహాప్రభో!" అన్నాడు జగ్గారాయుడు, అందనంత దూరంలో నిలబడి.

నీతి: ఇంట్లోవాళ్లు ఒకరికొకరు వీపు పెట్టి కూర్చున్నారని చూసి తలుపు తీసి ఉందనుకోకండి, వాళ్లు చూస్తున్నది ఆ తలుపు వైపే.